మచ్చ ఎవరిది?

మందమర్రిలో బాయి నుంచి షిఫ్టు దిగొచ్చే మగవాడి ముఖమంతా బొగ్గే. దాన్ని కష్టానికి గుర్తుగా గౌరవిస్తాం. అదే ఇంట్లో పదహారేళ్ల పిల్ల ముక్కు పక్కన ఆవగింజంత తెల్ల పొక్కు కనబడితే మాత్రం చుట్టాలంతా డాక్టర్లయిపోతారు. "ఏంది బిడ్డా, ముఖం మంచిగ కడుక్కుంటలేవా?" అని నన్నూ అడిగారు.

వైట్‌హెడ్ మురికి వల్ల రాదు. చర్మరంధ్రంలో నూనె, చచ్చిన కణాలు చేరి మూసుకుపోతే వస్తుంది. ఈడొచ్చినప్పుడు హార్మోన్ల వల్ల ఇది ఎక్కువ, మగపిల్లలకు కూడా. గిల్లితే మచ్చ పడుతుంది, గట్టిగా రుద్దితే చర్మం రేగుతుంది. తగ్గకపోతే చర్మవైద్యులున్నారు.

కానీ పెళ్లిచూపులకు అంత ఓపికేది? ఎవరో చెప్పిన ట్యూబు తెచ్చి నాకు రాశారు. కొన్నాళ్లు ముఖం నున్నగా మెరిసింది. ఆపగానే ఒకటే మంట, ముఖమంతా ఎర్రటి పొక్కులు. అది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. ఇలాంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన కఠినం చేసింది. నిబంధన మందుల షాపు దాకా వస్తుంది గానీ, పిల్ల ముఖాన్ని సరుకులా తిప్పి చూసే ఇంటి దాకా రాదు.

మన భాషలో చర్మానికీ, శీలానికీ ఒకటే మాట: మచ్చ. అందుకే ఆ చిన్న పొక్కు ఆడపిల్ల తప్పయి కూర్చుంది. రచయిత్రులమైన మనం కూడా నాయికకు మచ్చలేని ముఖాన్నే ఇస్తున్నాం. ముందు ఆ అలవాటు మానుకుందాం.