మన ఇంటి కంప్యూటర్‌లో ఎవరి విత్తనం?

మన్యంలో కంప్యూటర్ ఉన్న ఇళ్ళు ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తున్నాయి. ఉద్యోగం వచ్చిన అన్న కొన్నది కావచ్చు, డిగ్రీ చదివే చెల్లెలు స్కాలర్‌షిప్ డబ్బులు కూడబెట్టి కొన్నది కావచ్చు, పట్నంలో ఏదో ఆఫీసు వాళ్ళు తీసేస్తే సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్నది కావచ్చు. సంతోషమే. అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడల్లా మేము రెండు ప్రశ్నలు అడుగుతుంటాం. ఇందులో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉంది? అది మీకు ఎలా వచ్చింది? మొదటిదానికి అందరూ విండోస్ అంటారు. రెండోదానికి "షాపాయన వేశాడు" అంటారు. మూడు వందలో ఐదు వందలో తీసుకుని వేశాడు. బిల్లు లేదు, లైసెన్సు లేదు. దాన్నే క్రాక్ కాపీ అంటారు.

ఈ క్రాక్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన పిల్లలు దాన్ని తెలివితేటల కింద లెక్కేసుకుంటున్నారు. కంపెనీ పెట్టిన తాళాన్ని ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు విరగ్గొట్టి, తాళం విరగ్గొట్టే ఆ పనిముట్టును నెట్‌లో పెడతాడు. అది పనిచేయాలంటే చాలాసార్లు ముందు యాంటీవైరస్ ఆపేయమంటుంది. కాపలా కుక్కను కట్టేసి, తలుపు బార్లా తీసి, దారినపోయేవాణ్ణి లోపలికి పిలిచినట్టే. ఆ తర్వాత వాడు లోపల ఏం పెట్టి వెళ్ళాడో షాపాయనకూ తెలియదు, మనకూ తెలియదు. అదే కంప్యూటర్‌లో మన ఆధార్ స్కానింగ్ ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం ఉంటుంది, అమ్మ పేరున ఉన్న పాస్‌బుక్ ఫొటో ఉంటుంది, డీఎస్సీ అప్లికేషన్ పాస్‌వర్డ్ ఉంటుంది. ఉపాధి కూలీ డబ్బులు పడే ఖాతా అది. పోతే తిరిగి తెచ్చుకోవడానికి మనవాళ్ళు ఎన్నిసార్లు కొండ దిగాలో టీచర్లకు తెలుసు.

ఇంకో మాట కూడా ఉంది. దొంగతనం అనే మాట మన మీద చాలా తేలిగ్గా పడుతుంది. 1871లో తెల్లవాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. ఎరుకల వంటి జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులని కాగితం మీద రాసుకున్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ చూపు రద్దు కాలేదు. మనం పెంచిన అడవిలో మనం వెదురు కొడితే దొంగలమన్నారు. వెదురు మీ హక్కు అని చట్టంలో రాయించుకోవడానికి 2006 దాకా పట్టింది. అలాంటి మనం, మన ఇంట్లో, మన పిల్లల చదువు కోసం, దొంగ సరుకు ఎందుకు పెట్టుకోవాలి? అది తప్ప దారి లేకపోతే వేరే సంగతి. దారి ఉంది.

డబ్బు పెట్టి అసలు విండోస్ కొనుక్కుంటే పోలా అని ఉద్యోగస్తులు అంటారు. కొనుక్కోండి, మీ ఇష్టం. కానీ కొన్నామనుకుంటున్నారే, ఆ షరతుల కాగితం ఎప్పుడైనా చదివారా? దీన్ని మీకు అమ్మడం లేదు, వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నాం అని అందులోనే రాసి ఉంటుంది. కౌలు అన్నమాట. కౌలుదారుడికి ఏమవుతుందో 2025 అక్టోబరు 14న చూశాం. ఆ రోజుతో విండోస్ 10కి మామూలు భద్రతా మద్దతు ఆగిపోయింది. షరతుల మీద ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే. విండోస్ 11కి మారమంటారు. అది మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ వాళ్ళు ఒప్పుకున్న తరానిదై ఉండాలి. మన ఇళ్ళకు వచ్చిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ అర్హత లేదు. కీబోర్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది, మిషను నడుస్తూనే ఉంది. కానీ అమెరికాలో ఒక కంపెనీ తారీఖు పెట్టింది కాబట్టి అది పాతసామాను అయిపోవాలట. పైగా విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరవగానే నెట్ కావాలంటుంది, మా ఖాతా తెరవమంటుంది. సిగ్నల్ కోసం చింతచెట్టు ఎక్కే ఊళ్ళో!

ఇప్పుడు దారి సంగతి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, ఎవరైనా వాడుకోగల, ఎలా పనిచేస్తుందో చూసుకోగల, మార్చుకోగల, పదిమందికీ పంచగల ఆపరేటింగ్ సిస్టం ఒకటి తయారుచేస్తామని ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు. 1991లో ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు దాని నడిమి భాగాన్ని రాశాడు. దాన్ని కెర్నల్ అంటారు, అంటే గింజ. మరుసటి ఏడాది దాన్ని కూడా అదే స్వేచ్ఛా లైసెన్సు కిందికి తెచ్చాడు. ఆ రెండూ కలిసిందే మనం లినక్స్ అని పిలుస్తున్నది. ఉబుంటు, మింట్, డెబియన్ అన్నీ దాని రకాలే.

విత్తనం గురించి మన్యం వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. చోడి, సామ, కంది, వలిసె గింజల్ని మన అమ్మమ్మలు బూడిద కలిపి బుర్రల్లో దాచేవారు. పక్క ఊరి వియ్యంకురాలు అడిగితే శేరు గింజలు ఇచ్చి, పంట వచ్చాక శేరున్నర తీసుకునేవారు, లేకపోతే లేదు. కంపెనీ హైబ్రిడ్ వచ్చాక ఏటా కొనాల్సిందే, దాచుకుంటే అదే పంట రాదు. లినక్స్ లైసెన్సు నాటు విత్తనం లాంటిది. నేను తెచ్చుకున్నది నీకు ఇవ్వొచ్చు, నువ్వు దాన్ని మీ నేలకు తగ్గట్టు మార్చి ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఒక్కటే కట్టుబాటు: మార్చినదాన్ని పంచేటప్పుడు, నీకు దక్కిన హక్కులన్నీ అవతలివాడికీ దక్కాలి. మధ్యలో ఎవడూ కంచె వేయకూడదు. ఉమ్మడి నేల మీద కంచె పడితే ఏమవుతుందో మనకంటే ఎవరికి తెలుసు?

ఇక్కడ మనవాళ్ళే ఒక మాట అంటారు. "ఊరికే వచ్చేది కదా సార్, ఊరికే వచ్చేదంటే ఎలా ఉంటుందో మనకు తెలియదా?" ఈ మాటకు మేము కోప్పడం. హాస్టల్లో ఊరికే ఇచ్చిన దుప్పటి ఒక చలికాలానికే పీలికలయితే కప్పుకుని చదువుకున్నవాళ్ళం మేము కూడా. ఉచితం అంటే రెండో రకం అని మన ఒంటికి నేర్పారు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట ఉండి వాళ్ళు తికమక పడుతున్నారు. మనకు రెండు మాటలున్నాయి, వాడుకుందాం. లినక్స్‌లో డబ్బు కట్టనక్కర్లేకపోవడం చిన్న సంగతి. సరుకు నాణ్యత గురించి అనుమానముంటే, మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల ఉన్న గింజ ఈ లినక్సే. ప్రపంచంలోని అతి పెద్ద 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. పెద్దవాళ్ళు తమ పనికి దీన్ని వాడుకుంటున్నారు, మనకు మాత్రం మూలన కౌలు ఒప్పందం అంటగడుతున్నారు.

రెండో అభ్యంతరం గట్టిది. ఉద్యోగాల కంప్యూటర్ పరీక్షల్లో ఎమ్మెస్ ఆఫీసు అడుగుతారు, ఆఫీసుల్లో విండోసే ఉంటుంది, మన పిల్లలు వెనకబడరా? అడగాల్సిన ప్రశ్నే. వర్డ్‌లో ఉత్తరం టైపు చేయడం, ఎక్సెల్‌లో పట్టిక వేయడం లిబ్రే ఆఫీసులో నేర్చుకున్నవాడికి వారం రోజుల పని. బొత్తాలు వేరే చోట ఉంటాయి, లెక్క అదే. పరీక్ష ముందు ఆ వారం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చోండి. ప్రభుత్వ పరీక్షలో ఒక ప్రైవేటు కంపెనీ సరుకు పేరు ఎందుకుండాలని మాత్రం ఎవరూ అడగరు. కేరళ వాళ్ళు అడిగారు. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ అని 2001లో మొదలైన కార్యక్రమం కొన్నేళ్ళలోనే ప్రభుత్వ బడులన్నిటినీ లినక్స్‌లోకి మార్చింది. పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే. వయనాడులో పణియ పిల్లలు చదివే సర్కారు బడిలోనూ అదే, తిరువనంతపురంలోనూ అదే. ఆ రాష్ట్రం పిల్లలకు ఉద్యోగాలు రాకుండా పోయాయని మేమైతే వినలేదు.

ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాం. భాష.

మా ప్రాంతంలో ఒక మాస్టారు, ఇప్పుడు రిటైరయ్యారు, కువి మాటలు ఏళ్ళ తరబడి నోటుబుక్కుల్లో పోగుచేశారు. చెట్ల పేర్లు, చేపల పేర్లు, వరసలు, పొలంలో వాడే పనిముట్లు. సొంత డబ్బుతో డీటీపీ చేయించారు. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లలో వాడే తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు. తాళం వేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవి, ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న మిషనులోనే అవి తెలుగులా కనిపించేవి. సెంటర్ మూసేశారు. సీడీ మాస్టారి దగ్గరే ఉంది. ఇప్పుడు ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు చీమల్లా బారులు తీరి కనిపిస్తాయి. ఆయన చేసిన తప్పేమీ లేదు. తన భాషను ఇంకొకరి తాళంలో పెట్టాల్సి వచ్చింది, తాళంచెవి వాళ్ళతో పోయింది.

గిడుగు రామమూర్తి గారు సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కాగితం మీద చేశారు, 1930లలో అచ్చయ్యాయి, ఇవాళ్టికీ చదవగలం. 1936లో మాంగెయి గొమాంగో గారు సవరకు సొరాంగ్ సోంపెంగ్ లిపి చేశారు. అది 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో చేరింది. ఈ లిపులకు నోటో అనే పేరుతో స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి ఊరంతా పంచినా ఎవరూ అడగరు. తాళం లేదు.

2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షలు. కోయ 4 లక్షల పైచిలుకు, సవర కూడా అంతే. విండోస్ తెర మీద మెనూలు కనిపించే భాషల జాబితాలో వీటిలో ఒక్కటీ లేదు. కొలామీ మాట్లాడేవాళ్ళు లక్షా పాతిక వేల మంది. ఏ కంపెనీ లెక్కల గుమాస్తా కొలామీలో మెనూ రాయిస్తే లాభమని ఒప్పుకుంటాడు? నిజం చెప్పాలి గనుక చెబుతున్నాం, లినక్స్‌లోనూ ఇవాళ కోయలో మెనూలు రావు. కానీ అక్కడ పెట్టుకోవద్దు అనేవాడు లేడు. అనువదించాల్సిన మాటలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో బయటే ఉంటాయి. కీబోర్డు మీద ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో కూడా ఒక టెక్స్ట్ ఫైలే. తెలుగు మెనూలు అలాగే వచ్చాయి, స్వేచ్ఛ లాంటి సంస్థల్లో విద్యార్థులు, మాస్టార్లు కూర్చుని చేసిన పని అది. సంతాలీ వాళ్ళు ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే 2018లో ఓల్ చికి లిపిలో తమ వికీపీడియా తెరుచుకున్నారు.  "ఫైలు తెరువు", "దాచు", "చెరుపు" అనే మాటలకు కువిలో ఏమనాలో మన తొమ్మిదో తరగతి పిల్లలు చెప్పగలరు. వాళ్ళను అడిగేవాడే లేడు.

ఇబ్బందులు ఉన్నాయి. దాచం. ఫొటోషాప్, పేజ్‌మేకర్ దీని మీద నేరుగా నడవవు, డీటీపీ బతుకుతెరువైనవాళ్ళు తొందరపడి మారొద్దు. కొన్ని ప్రింటర్లు మొండికేస్తాయి, కొనేముందు లినక్స్‌తో పనిచేస్తుందా అని అడగండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై మొదట పట్టదు, ఫోనును కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి సరిచేసుకోవాలి. ఎమ్మెస్ వర్డ్‌లో చేసిన ఫారాలు లిబ్రే ఆఫీసులో తెరిస్తే గీతలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే గొడవ ఉండదు.

మొదలుపెట్టేవాళ్ళకు మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం చెబుతున్నాం. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషనులో కూడా తేలిగ్గా నడుస్తుంది. అప్‌డేట్‌లు వచ్చాయని చెబుతుంది, మనం ఊఁ అన్నాకే దించుకుంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఫోను డేటాతో నెట్టుకొచ్చే ఇళ్ళకు ఇది చాలా పెద్ద ఊరట. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది, సెట్టింగుల్లో కలుపుకోవడమే. చిన్నపిల్లలకు జీకాంప్రి, టక్స్ పెయింట్ ఉచితంగా దొరుకుతాయి. ఒకటో తరగతి పిల్లకు మౌసు పట్టుకోవడం వీటితో వచ్చినంత త్వరగా ఇంకెందుతోనూ రాలేదు మా బడిలో.

టీచర్ మిత్రులారా, మొత్తం ఒక్కసారిగా మార్చమనడం లేదు. లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి చూడొచ్చు, లోపలి విండోస్‌ను ముట్టుకోకుండా. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేయండి, మీ కంప్యూటర్ మునుపటిలాగే ఉంటుంది. ఫైలు సుమారు 3 జీబీ. సిగ్నల్ ఉన్న చోట ఒక్కరు దించుకుంటే చాలు, మండలమంతా కాపీ చేసుకోవచ్చు, అది చట్టబద్ధమే. మా దగ్గర ఉంది. వచ్చే కాంప్లెక్స్ మీటింగుకు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి, మధ్యాహ్నం భోజనాల వేళ వేసిస్తాం. అందులో పిల్లల మార్కుల జాబితాలు, ఫొటోలు ఉంటే ముందే వేరేచోట దాచుకుని రండి, వేసేటప్పుడు పాతవన్నీ చెరిగిపోతాయి.