గొంతుకి చిల్లు

మొన్న చలికాలంలో ఓ రాత్రి పదకొండున్నరకి మిత్రుడు ఫోన్ చేశాడు. సూపర్ వీసా మీద వచ్చిన వాళ్ళ నాన్నగారు న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నారు. వెంటిలేటరు మీద పదకొండో రోజు. "గొంతుకి చిల్లు పెడతారట రా, సంతకం పెట్టమంటున్నారు. అంటే ఇక ఆశ లేనట్టేనా?" అన్నాడు. పడిపోయిన సర్వర్లని లేపడం తప్ప నాకేం తెలుసు! కానీ ఆ రాత్రినుంచీ చదివాను, తర్వాత ఆరు వారాలు దగ్గరుండి చూశాను.

ట్రేకియాస్టమీ అనగానే మనవాళ్ళు ఆఖరి ఘట్టం అనుకుంటారు. అది తప్పని నా గట్టి నమ్మకం. నోట్లో గొట్టం ఉన్నంతకాలం మత్తు ఎక్కువ కావాలి. గొంతు దగ్గర పెడితే మత్తు తగ్గించి, మనిషిని కూచోబెట్టి, వెంటిలేటరు మెల్లగా మాన్పించొచ్చు. అలాగని తొందరా అక్కర్లేదు. 2013లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ట్రాక్‌మ్యాన్‌లో 909 మంది రోగులున్నారు. నాలుగు రోజుల్లోపు పెట్టినా, పది రోజులు ఆగినా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగినవాళ్ళలో సగం మందికి పైగా అసలు పెట్టాల్సిన పనే పడలేదు. కాబట్టి "ఇంకో రెండ్రోజులు చూద్దామా?" అని డాక్టర్ని అడగడం మర్యాదతక్కువేం కాదు.

అడిగే హక్కూ ఉంది. 2010లో ఇరాన్ నుంచి టొరంటో వచ్చిన ఇంజనీరు హసన్ రసౌలి, అదే ఏడాది మెదడు ఆపరేషన్ తర్వాత సన్నీబ్రూక్ ఆస్పత్రిలో స్పృహ కోల్పోయాడు. శ్వాసనాళంలో పెట్టిన గొట్టం మీదే ఊపిరి. వెంటిలేటరు తీసేద్దామని డాక్టర్లు, వద్దని భార్య. అంటారియో చట్టం ప్రకారం తీసెయ్యడానికి కూడా సమ్మతి కావాలని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు 5-2తో తేల్చింది. కుటుంబం కాదంటే డాక్టర్లు సమ్మతి బోర్డుకి వెళ్ళాలి.

చిక్కులు లేవనను. మొదటి వారంలో గొట్టం ఊడితే ప్రమాదం, దారి ఇంకా గట్టిపడి ఉండదు. రక్తం రావచ్చు, తర్వాతెప్పుడో శ్వాసనాళం ఇరుకవ్వచ్చు. కఫం గట్టిపడి గొట్టం మూసుకుపోవడం మరీ భయం. గాలిని వేడిచేసి తడిపే ముక్కుని మనం పక్కన పెట్టేశాం కదా. ఇక్కడి ఫర్నేసు గాలికి మన పెదాలే పగుల్తాయి!

కానీ నేను కళ్ళారా చూసిన కష్టం వేరు. గొట్టం చుట్టూ ఉండే గాలిబుడగ ఉబ్బి ఉన్నంతసేపూ ఊపిరి స్వరతంత్రులదాకా రాదు. పెదాలు కదుల్తాయి, మాట రాదు. ఆయన కదిపేది తెలుగు, నర్సు చదివేది ఇంగ్లీషు. విసుగొచ్చి చెయ్యి విసిరితే "అయోమయంగా ఉన్నారు" అని రాసి చేతులు కట్టేశారు. వాడి భార్య ఓ అట్టమీద నొప్పి, దాహం, కఫం తియ్యండి, పక్కకి తిప్పండి అని తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు రాసి తెచ్చింది. ఆయన చూసి తల అడ్డంగా ఊపారు. పెన్ను ఇస్తే వంకరటింకరగా రాశారు: "కళ్ళజోడు". అది పన్నెండ్రోజులుగా కోటు జేబులోనే ఉంది!

నాలుగో వారంలో స్పీచ్ థెరపిస్టు గాలిబుడగ దించి (దించకుండా పెడితే గాలి లోపలికెళ్తుంది గానీ బయటికి రాదు) మాటల వాల్వు తగిలించింది. ఈ వాల్వు కనిపెట్టిన డేవిడ్ మ్యూర్ కూడా వెంటిలేటరు మీద బతికిన మనిషేనట. కండరాల జబ్బు.

బొంగురుగా, గొణుగుడులా వచ్చింది ఆయన మొదటి మాట. "ఒరేయ్, బిల్లు ఎంతయింది?"