గెట్టు మీది చెట్టు ఎవరిది?

కాసిపేట మండలంలో ఒక దిక్కు బొగ్గుబావులు, ఇంకో దిక్కు దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. ఈ రెండింటి నడుమ పత్తి వేసుకుని బతికే రైతు దగ్గరికొచ్చి "చెట్లు పెంచు, పర్యావరణాన్ని కాపాడు" అని చెప్పడానికి సర్కారుకు నోరెట్లా వస్తోంది? రామగుండం ఓపెన్‌కాస్టుల్లో మట్టిని గుట్టలు గుట్టలుగా ఎత్తిపోసింది రైతా? బావి కప్పు కూలకుండా తరాలపాటు అడవి దుంగలను భూమిలోకి దించింది రైతా? తవ్విన చేతులే మొక్కల పండుగ చేసి, పాపం తెచ్చి మన గెట్టు మీద పెడుతున్నాయి.

నేను చెట్టుకు వ్యతిరేకిని కాను. చేన్లో చెట్టు ఉండి తీరాలంటాను. అందుకే ఈ కోపం.

శాస్త్రం తేల్చలేదని బుకాయించకండి. సాగులో చెట్ల మీద అఖిల భారత సమన్వయ పరిశోధన 1983లో మొదలైంది. ఝాన్సీలో దీనికోసమే 1988లో జాతీయ కేంద్రం పెట్టారు. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా మెట్టసాగు రైతు కోసం గ్లైరిసీడియాను పరీక్షించి చూపింది: గెట్ల వెంట పెంచి, కొమ్మలు కొట్టి, ఆకును చేన్లో వేస్తే నేలకు నత్రజని అందుతుంది. లోతుకు దిగిన వేరు, పత్తి వేరుకు అందని పోషకాలను పైకి తెచ్చి ఆకు రూపంలో రాలుస్తుంది. వాన నీటికి నేలలోకి దారి చేస్తుంది. గనుల పంపులు రాత్రింబవళ్లు నీళ్లు తోడిపోసే చోట ఆ దారి విలువ ఇంజనీరు చెప్పాలా?

రైతన్నా, చెట్టు నీడన పత్తి కాయదంటావు. నిజమే, పక్క సాళ్లలో దిగుబడి తగ్గుతుంది. దానికీ జవాబుంది. వరసలు తూర్పు పడమరలుగా పెట్టు, విత్తే ముందు కొమ్మలు కొట్టు, గెట్టు వారన చిన్న కందకం తీసి చేన్లోకొచ్చే వేర్లను తెంచు. ఇదంతా చేయకుండా రెండు సాళ్ల పత్తి ఎక్కువొస్తుందని తాత నాటిన వేపను రంపానికి అప్పజెప్పిన రైతన్నా, నువ్వూ ఈ దోషంలో భాగస్తుడివే. మన చుట్టుపక్కల గోండు, కోలాం రైతులు ఇప్పచెట్టును కదిలించకుండా దాని చుట్టూ దున్నుకుంటారు. పువ్వు తింటారు, గింజ నుంచి నూనె తీస్తారు. వాళ్లను వెనకబడ్డవాళ్లని పిలిచిన నోళ్లన్నీ ఇప్పుడు సెమినార్లలో అదే పాఠం చెబుతున్నాయి.

ఇక అసలు నేరం. 2014 ఫిబ్రవరిలో భారతదేశం జాతీయ అగ్రోఫారెస్ట్రీ (సాగులో చెట్ల పెంపకం) విధానం తెచ్చింది. ప్రపంచంలో ఇలాంటిది తెచ్చిన మొదటి దేశం మనదే. చెట్టు కొట్టడానికి, తరలించడానికి పెట్టిన ఆంక్షలే రైతుకు అడ్డంకని ఆ విధానంలోనే రాసుకున్నారు. రాసుకుని ఏం ఒరగబెట్టారు? 2002 వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం కింద సొంత పట్టా భూమిలో పెంచిన టేకును కొట్టాలన్నా పర్మిషన్ కోసం ఆఫీసు మెట్లెక్కాల్సిందే. గడ్డిజాతి వెదురును చెట్ల లెక్కలోంచి తీయడానికి 1927 నాటి అటవీ చట్టానికి 2017 దాకా పట్టింది. అదీ అడవి బయట పెరిగిన వెదురుకే! పత్తి తీసి అమ్ముకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, టేకు అమ్మాలంటే దొంగలా నిలబడాలి. ఇరవై ఏళ్లు కాపలా కాసి చివరికి అధికారి కాళ్లు పట్టుకోవాలంటే ఏ బుద్ధున్న రైతు నాటుతాడు?

ఆఫ్రికాలోని నైజర్ సంగతి చూడండి. వలస పాలన నాటి నుంచి అక్కడ పొలంలో చెట్టూ ప్రభుత్వ సొత్తే. రైతు మొలకను పీకేసేవాడు. 1980ల తర్వాత పట్టు సడలి, చెట్టు తనదేనన్న ధీమా కలిగాక, పాత మొద్దుల చిగుళ్లను రైతులే కాపాడారు. దాదాపు 50 లక్షల హెక్టార్లు పచ్చబడ్డాయి. ఆ బీద దేశంలో నర్సరీ మొక్కలు పోసి చేసిన పని కాదది. హక్కు చేసిన పని.

మన దగ్గర 2015లో హరితహారం మొదలుపెట్టి మొక్కల్ని లెక్కపెట్టారు. హక్కును లెక్కపెట్టలేదు. కౌలు రైతు ఊసైతే ఎవరికీ లేదు. ఏడాది కౌలుకు దున్నేవాడు ఇరవై ఏళ్ల చెట్టు ఎట్లా నాటుతాడు? నాటితే రేపు భూమే తనదంటాడని పట్టాదారుకు భయం. ఈ మాట ఒక్క మొక్కల వేదిక మీదైనా ఎత్తిన మంత్రి ఉన్నాడా? రైతు సంఘాల్లో పట్టాదారు పెత్తనం చేసేవాళ్లు ఎత్తుతారా? నన్ను తిట్టండి, ఫర్వాలేదు. జవాబు చెప్పి తిట్టండి.

పట్టా భూమిలో రైతు పెంచిన ఏ చెట్టుకైనా పర్మిషన్ అక్కర్లేదని ఒక జీవో తెండి. కౌలుదారు నాటిన చెట్టులో అతనికి వాటా ఉంటుందని కౌలు ఒప్పందంలో రాయించండి. ఆ రెండు కాగితాలు చేతిలో లేకుండా మొక్కల లారీ వేసుకుని కాసిపేటకు రాకండి.