నడుం బిగించని వ్యాసం కావాలి

వ్యాసం చివర "కావున మనమందరం నడుం బిగించాలి" అని రాయని పిల్లనొకర్తెను చూపించండి, నా నవల ఒకటి నా ఖర్చుతోనే పోస్టులో పంపిస్తాను. ఇన్నేళ్ళుగా ఇన్ని నడుములు బిగుస్తున్నా వదులైన సమస్య ఒక్కటీ కనబడదు. ఎలా వదులవుతుందీ? ఆ వాక్యం ఎవర్ని ఉద్దేశించీ రాసింది కాదు. గైడు రాసినాయన అమ్మకానికి రాశాడు, పిల్ల మార్కులకి బట్టీ పట్టింది, దిద్దిన సారు ఓ అంకె వేసి కట్ట కట్టేశాడు.

దీనికి ఒప్పించే వ్యాసమని పేరు! ఎవర్ని ఒప్పించాలమ్మా అంటే "ప్రజలని" అంటారు. ఇంట్లో మాత్రం మన పిల్లలు ఇలా ఉండరు. స్నేహితురాలి పెళ్ళికి ఊరెళ్ళాలంటే, నాన్న ఏమంటాడో ముందే ఊహించి, దానికి జవాబు సిద్ధం చేసుకుని, తోడెవరో, తిరుగు బస్సెప్పుడో కనుక్కుని, అప్పుడు నోరు విప్పుతారు. ఇంత విద్య తెలిసిన పిల్ల కాగితం ఎదురుగా పెట్టగానే "నేటి ఆధునిక సమాజంలో" అని మొదలెడుతుంది. ఆ తెలివంతా ఏ చెట్టెక్కిందో!

ఒకసారి జగిత్యాలలో వ్యాసరచన పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా కూచోబెట్టారు. విషయం: పొగాకు అనర్థాలు. కోరుట్ల నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. అందరూ కలిసి పొగాకు మహమ్మారిని ఊరి పొలిమేర దాటించేశారు. బీడీలు వెంటనే నిషేధించాలన్నారు. కోరుట్ల పిల్లలండీ! ఆ ఊళ్ళో ఏ వీధిలో నడిచినా, ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి దారం చుట్టే ఆడవాళ్ళు కనిపిస్తారు. చక్కటి దస్తూరీ ఉన్న పిల్లని పిలిచి అడిగాను.

"మీ ఇంట్లో ఎవరూ బీడీలు చెయ్యరా తల్లీ?"

"మా అమ్మ చేస్తది మేడమ్. నేను సుత ఆకు కత్తిరిస్త."

"మరి అది రాయలేదేం?"

"అది రాస్తే తప్పయితది కద మేడమ్!"

తప్పట! ఆ హాల్లో ఆ విషయం మీద మాట్లాడే అధికారం ఎవరికైనా ఉంటే అది ఆ పిల్లకే. ఆ ధూళికి తల్లి ఎలా దగ్గుతుందో తెలుసు. వెయ్యి బీడీలకి కూలి ఎంతో తెలుసు. బాగాలేవని ఎన్ని తీసి పారేస్తారో, అందులో తన నోటుబుక్కు ఖరీదెంతో వేళ్ళ మీద లెక్క చెప్పగలదు. కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బొమ్మ చూసి తాగేవాడు మానాలని ప్రభుత్వం. అందరూ మానేస్తే పొయ్యిలో పిల్లి లేవదని చుట్టే ఆవిడ. ఇద్దరిదీ న్యాయమే. ఆ ఇద్దరి మధ్యా కూచుని ఆకు కత్తిరించే పిల్ల, "అయ్యా, బీడీ ఆపండి, ఒప్పుకుంటాను. ఆపిన మర్నాడు మా అమ్మకి ఏం పని చూపిస్తారు?" అని మంత్రిగారిని అడిగి ఉంటే, ఆయనకి జవాబు వెతుక్కోవాల్సి వచ్చేది. మహమ్మారి అంటే ఆయన కూడా చప్పట్లు కొట్టి వెళ్ళిపోతాడు.

సిరిసిల్ల సంగతీ అంతే. పక్కింట్లో మరమగ్గాలు చెవులు హోరెత్తిస్తుంటే, పిల్లలు చేనేత ప్రాచీన వైభవాన్ని వర్ణిస్తారు. చేతిమగ్గానికీ మరమగ్గానికీ తేడా వాళ్ళకి తెలీకనా? గైడులో అలా ఉంది మరి. 2017లో ప్రభుత్వం అక్కడివాళ్ళకి బతుకమ్మ చీరల పని ఇచ్చింది. చీరలు నాసిగా ఉన్నాయని కొన్నిచోట్ల ఆడవాళ్ళు తగలబెట్టారు కూడా. మగ్గం వాళ్ళ పిల్ల ఆ పని గురించి రాస్తే ఎక్కడ మొదలెట్టాలంటారు? నన్నడిగితే ఆ మంట దగ్గరే. "అక్కా, చీర బాగాలేదన్నావు. పండక్కి ఆశగా విప్పి చూసి నొచ్చుకున్నావు, కోపం రాదా మరి" అని ముందు ఒప్పుకోవాలి. తర్వాత, ఆ ఏడాది సిరిసిల్ల చీరలతో పాటు సూరత్ చీరలూ పంచారని గుర్తు చెయ్యాలి. నువ్వు కాల్చింది ఏ ఊరిదో చూశావా అని మెల్లిగా అడగాలి. ఎదుటిమనిషి కోపాన్ని కాదనకుండా, ఆమె చూడని సంగతి చూపించడం! ఇది ఏ గైడులోనూ ఉండదు. సిరిసిల్లలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకి తెలుస్తుంది.

"అవన్నీ రాస్తే మార్కులు పోతాయండీ" అని తల్లులంటారు. పోవచ్చు. గైడులో లేని వాక్యం కనిపిస్తే కొందరు సార్ల చేతిలో ఎర్రసిరా ఆగదు. ఆ సారుని ఒప్పించాల్సింది మాత్రం పిల్ల కాదు, మనం. ఈసారి బడికి వెళ్ళినప్పుడు ర్యాంకు అడక్కండి. వ్యాసం కాపీ తెరిచి ఆయన ముందు పెట్టి, "ఇందులో మా పిల్ల రాసిన వాక్యం ఏదో కాస్త చూపిస్తారా సార్?" అని అడగండి. ఆయన నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.