‘సిస్టర్’ అన్న పిలుపుకు మనం బాకీ ఉన్నాం

సాయంత్రం ఏడున్నర. వరంగల్‌లో ఏ వీధిలో నడిచినా కిటికీల్లోంచి సీరియల్ పాట వినబడే వేళ. తెర మీద ఐ.సి.యు. గది. కథానాయకుడైన డాక్టరు మంచం పక్కన నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటున్నాడు. అతని వెనుక తెల్లబట్టల్లో ఒకమ్మాయి ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ‘సిస్టర్, ఇంజెక్షన్’ అంటాడు డాక్టరు. ‘ఓకే డాక్టర్’ అంటుంది ఆమె. ఆ రాత్రికి ఆమె మాట అంతే. ఆమెకు పేరు లేదు, ఇల్లు లేదు, ఒక అభిప్రాయం కూడా లేదు.

సరిగ్గా అదే వేళకు కాజీపేట నుంచో హన్మకొండ నుంచో టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నైట్ డ్యూటీకి ఆటో ఎక్కే నిజమైన సిస్టర్లు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది మన సంఘాల ఆడబిడ్డలే. ఆదివారం మన పక్క బల్ల మీద కూర్చుని పాట పాడేవాళ్లే. వాళ్లను టీవీ ఎలా చూపిస్తోంది, ఆ చూపు మన ఇళ్లలోకీ సంఘాల్లోకీ ఎంతవరకు వచ్చింది అన్నది ఈ వారం కలిసి ఆలోచిద్దాం.

2017 నుంచి 2023 వరకు తెలుగు ఇళ్లను కట్టిపడేసిన ‘కార్తీక దీపం’ సీరియల్‌లో కథానాయకుడు గుండె డాక్టరు. కథలో చిచ్చు పెట్టే మోనిత కూడా డాక్టరే. ఆ రెండు పేర్లూ పసిపిల్లలకు సైతం తెలుసు. ఆ ఆస్పత్రుల్లో పనిచేసిన ఒక్క నర్సు పేరు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం? ఇది ఆ ఒక్క సీరియల్ తప్పు కాదు. 2004లో వచ్చిన ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ ఆస్పత్రికి ప్రేమ కావాలని చెప్పి మనల్ని నవ్వించింది, ఏడిపించింది. అక్కడా కథ వైద్య విద్యార్థిదీ, ప్రొఫెసరుదీ. అమెరికాలో 2005 నుంచి వస్తున్న ‘గ్రేస్ అనాటమీ’ లాంటి ధారావాహికల మీద కూడా అక్కడి నర్సులు ఇదే ఫిర్యాదు చేస్తూ వచ్చారు. రోగి పక్కన గంటల తరబడి కూర్చోవడం, మందు ఎక్కించడం, ధైర్యం చెప్పడం వంటి నర్సుల పనులన్నీ తెర మీద డాక్టర్లే చేసేస్తారని వారి ఫిర్యాదు.

మన తెర మీద నర్సు సాధారణంగా మూడు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది, పైన చెప్పుకున్న ట్రే పట్టుకున్న బొమ్మ. రెండోది, హాస్యనటుడు వెకిలి మాటలు అనడానికి పనికొచ్చే పాత్ర. ఇంజెక్షన్ పేరు చెప్పి ద్వంద్వార్థాలు పలికించే ఆ సన్నివేశాలు చూసి మనమూ నవ్వి ఉంటాం. మూడోది, డబ్బు తీసుకుని సెలైన్ సీసాలో విషం కలిపే మనిషి, లేదా పసిబిడ్డను మార్చేసే మనిషి. వీటికి తోడు అప్పుడప్పుడు నాలుగో రూపం ఒకటి వస్తుంది. అది ఎప్పుడూ చిరునవ్వు చెదరని దేవత. ఈ చివరిది గౌరవంలా కనిపిస్తుంది గానీ, అదీ ఒక మోసమే. దేవతకు ఆకలి ఉండదు, నడుం నొప్పి ఉండదు, జీతం అక్కర్లేదు. అలా పొగడడం చాలా చవక.

కొంచెం మంచి చిత్రణ మనకు లేకపోలేదు. 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ చిత్రంలో మహానటి సావిత్రి నర్సుగా నటించారు. బెంగాలీలో 1959లో వచ్చిన ‘దీప్ జ్వేలే జాయ్’ దీనికి మూలం. మనసు చెదిరిన రోగులను బాగుచేయడానికి ప్రేమను నటించే నర్సు, చివరికి తన మనసే చెదిరి రోగిగా మారుతుంది. నర్సుకు కూడా ఒక హృదయం ఉంది, సేవ చేసేవాళ్లు కూడా అలిసిపోతారు అని అంత బలంగా చెప్పిన తెలుగు కథలు అరుదు. అయినా ఒక్క సంగతి గమనించండి. ఆ గొప్ప కథలో సైతం ఆమె రోగిని బాగుచేసేది తాను నేర్చుకున్న విద్యతో కాదు, ప్రేమ నటనతో. నర్సింగ్ అనేది ఒక విద్య అని చూపడం అంత మంచి సినిమాకూ సాధ్యపడలేదు.

మరి ఆ విద్య ఏమిటి? మందు ఇచ్చే ముందు రోగి ఇతనేనా, మందు ఇదేనా, మోతాదు ఎంత, ఏ మార్గంలో ఇవ్వాలి, ఏ వేళకు ఇవ్వాలి అని అయిదు సంగతులు సరిచూసుకోవడం. డాక్టరు చీటీలో పొరపాటు దొర్లితే పట్టుకుని, భయపడకుండా అడగడం. కదలలేని మనిషిని వేళ తప్పకుండా పక్కకు తిప్పి వీపు పుండ్లు పడకుండా కాయడం. తెల్లవారుజామున మూడు గంటలకు నాడి, ఊపిరి, మూత్రం లెక్క చూసి, ‘ఈ మనిషి పరిస్థితి మారుతోంది’ అని అందరికంటే ముందు గుర్తుపట్టడం. డాక్టరు రౌండ్స్‌కు వచ్చి వెళతారు. మిగతా గంటలన్నీ రోగి ప్రాణానికి కాపలా నర్సుదే. ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచే కాక ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర సరిహద్దుల నుంచి కూడా రోగులు వచ్చే మన ఎం.జి.ఎం. ఆస్పత్రి వార్డులో ఒక్క రాత్రి బంధువు పక్కన కూర్చున్నవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెర మీది బొమ్మతో నష్టమేమిటి, అది కథే కదా అని కొందరంటారు. నష్టం ఉంది. మా ఎరుకలోని ఒక కుటుంబం మాట చెబుతాం. ఇద్దరూ విశ్వాసుల పిల్లలే. అబ్బాయి తరఫువారు ప్రార్థనాపరులు. సంబంధం దాదాపు కుదిరింది. అమ్మాయి స్టాఫ్ నర్సు అనీ, నైట్ డ్యూటీలు ఉంటాయనీ తెలియగానే ‘నర్సమ్మాయిలు ఎలా ఉంటారో టీవీలో చూస్తూనే ఉన్నాం కదా’ అని ఒక పెద్దావిడ అన్నారట. సంబంధం అక్కడితో ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆ రాత్రి కూడా డ్యూటీకి వెళ్లింది. ఆ పెద్దావిడ ఏ నర్సు దగ్గరా చెడు చూడలేదు. ఆమె చూసింది సీరియల్‌నే.

ఇంకొక సంగతి మనల్ని మరింతగా గుచ్చాలి. ‘ఆదివారం ఆరాధనకు రాని విశ్వాసం ఏమి విశ్వాసం?’ అని మన వేదికల మీద నుంచి గద్దించేటప్పుడు, రాత్రంతా నిలబడి ఉదయం ఎనిమిదింటికి డ్యూటీ దిగిన సహోదరి చివరి బల్ల మీద కునికిపాట్లు పడుతూ ఆ మాట వింటోందని తలచామా? రాలేని ఆదివారం ఆమె ఎవరి తల్లికి పక్క మారుస్తోందో అడిగామా? టీవీ ఆమెకు పేరు పెట్టలేదు. మనం మాత్రం పెట్టామా?

నిజానికి ‘సిస్టర్’ అన్న ఆ పిలుపు టీవీ వాళ్లది కాదు, సంఘానిది. రోగుల సేవకు జీవితాలు అంకితం చేసిన సన్యాసినుల నుంచి, ఆ తరువాత ప్రొటెస్టెంట్ పరిచారికల నుంచి అది ఆస్పత్రులకు చేరింది. జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో 1836లో థియొడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు, ఆయన భార్య ఫ్రీడరికె కలిసి స్త్రీలకు రోగుల సేవలో శిక్షణ ఇచ్చే సంస్థ ప్రారంభించారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1851లో అక్కడే శిక్షణ పొందారు. 1854లో 38 మంది నర్సులతో ఆమె క్రిమియా యుద్ధ క్షతగాత్రుల దగ్గరికి వెళ్లారు. మనకు తెలిసింది దీపం పట్టుకున్న ఆమె బొమ్మ మాత్రమే. కానీ గాయాల కంటే రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోతున్నారని లెక్కలు, పటాలు గీసి ప్రభుత్వానికి చూపిన మేధావి ఆమె. ఆమెను కూడా బొమ్మ చేసి, బుద్ధిని దాచి, దీపాన్ని మిగిల్చారు.

మన నేలకు వద్దాం. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆస్పత్రి తెరిచారు. ఆమె పేరు మనకు తెలుసు. ఆమెతో కలిసి పనిచేసిన నర్సు కేథరిన్ ఫాస్ పేరు ఎందరికి తెలుసు? వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లోనే నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. 1946లో అక్కడ నర్సింగ్ డిగ్రీ చదువు ప్రారంభమైంది. 1879లో అమెరికన్ బాప్టిస్టులు హన్మకొండలో మిషను కేంద్రం నెలకొల్పారు. తరువాత అక్కడ వైద్య పరిచర్య చేసిన డాక్టర్ టింపనీ పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆయన చేతికి కత్తెర అందించిన, రాత్రుళ్లు రోగుల దగ్గర మేలుకున్న తెలుగు స్త్రీల పేర్లు మనలో ఎందరి నోట పలుకుతున్నాయి? సీరియల్ రచయితను తప్పుపట్టే ముందు మన సంఘ చరిత్రలు కూడా అదే పద్ధతిలో రాసుకున్నామని ఒప్పుకోవాలి.

పరిశుద్ధ గ్రంథం మాత్రం అలా రాయలేదు. నిర్గమకాండం మొదటి అధ్యాయం తెరవండి. మగబిడ్డలను చంపమన్న ఫరోకు అక్కడ పేరు లేదు, రాజు అన్న పదవి మాత్రమే ఉంది. కానీ దేవునికి భయపడి ఆ బిడ్డలను బతికించిన ఇద్దరు మంత్రసానులకు పేర్లు ఉన్నాయి: షిఫ్రా, పూయా (నిర్గమ 1:15). రిబ్కా దాది దెబోరా చనిపోతే ఆమెను బేతేలు దిగువన ఒక చెట్టు కింద పాతిపెట్టి, ఆ చెట్టుకే ఏడ్పు పేరు పెట్టారు (ఆది 35:8). ఒక దాది కోసం ఒక కుటుంబమంతా ఏడ్చిన సంగతిని దేవుడు రాయించాడు. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రికలో చివరి అధ్యాయపు తొలి పేరు ఫీబేది. ఆమెను ఆయన సహోదరి అనీ, సంఘ పరిచారకురాలు అనీ పరిచయం చేసి, ఆమెకు కావలసిన సహాయం చేయమన్నాడు (రోమా 16:1, 2). వట్టి పొగడ్తతో సరిపెట్టలేదు.

మంచి సమరయుని ఉపమానం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. పూటకూళ్లవాని మీద ఎన్ని విన్నాం? సమరయుడు ఒక రాత్రి సేవ చేసి మరునాడు ప్రయాణమయ్యాడు. ఆ తరువాత రోజుల తరబడి గాయాలు కడిగే పని పూటకూళ్లవాని మీద పడింది. సమరయుడు అతనికి ‘నువ్వు దేవతవు’ అని చెప్పి వెళ్లిపోలేదు. రెండు దేనారాలు చేతిలో పెట్టాడు, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు (లూకా 10:35). సేవను కోరినవాడు సేవకు తగిన విలువ కట్టాడు. కనికరం కథలోనే ప్రభువు జీతం లెక్క కూడా చెప్పాడు.

ఆ లెక్క మన దగ్గర తప్పుతోంది. ప్రయివేటు ఆస్పత్రుల నర్సుల వేతనాల మీద 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ, 50 పడకల కంటే చిన్న ఆస్పత్రుల్లో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ మాట అమలు కాని చోట్లు ఎన్ని ఉన్నాయో ఆ పని చేసే ఆడపిల్లల్ని అడిగితే చెబుతారు. కోవిడ్ రోజుల్లో మనమంతా వాకిళ్లలో నిలబడి చప్పట్లు కొట్టాం. 2021 జూలైలో, అదే కోవిడ్ కోసం అవుట్‌సోర్సింగ్ మీద తీసుకున్న నర్సులను తొలగించినప్పుడు వాళ్లు హైదరాబాద్‌లో రోడ్డు మీదికి వచ్చారు. ఆ రోజు చప్పట్లు కొట్టిన చేతులు ఏ వాకిట్లోనూ కనబడలేదు.

కథ మార్చడం అసాధ్యం కాదు. 2018 మే నెలలో కేరళలో నిపా రోగికి సేవ చేసిన లిని అనే నర్సు అదే రోగంతో కన్నుమూశారు. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని భర్తకు ఆమె రాసిన చీటీ దేశాన్ని కదిలించింది. మరుసటి ఏడాది వచ్చిన ‘వైరస్’ అనే మలయాళ చిత్రం ఆ సేవను గౌరవంగా చూపింది. అంతకు ముందు 2014లో ఇరాక్‌లోని తిక్రిత్‌లో చిక్కుకుని బయటపడిన 46 మంది భారతీయ నర్సుల ఉదంతం ఆధారంగా 2017లో ‘టేక్ ఆఫ్’ వచ్చింది. నర్సుకు పేరు, ఇల్లు, అప్పు, భయం, తెగువ అన్నీ ఉన్నాయని పొరుగు భాషవాళ్లు చూపగలిగారు. మన తెలుగువాళ్లకు ఎందుకు చేతకాదు?

అయితే చానెళ్లు మారేదాకా మనం ఆగనక్కర్లేదు. మే 12 అంతర్జాతీయ నర్సుల దినం. దానికి దగ్గరి ఆదివారం మన సంఘంలోని నర్సు సహోదరీలను, సహోదరులను పేరుపేరునా పిలిచి ప్రార్థిద్దాం. నైట్ డ్యూటీ దిగి వచ్చేవారి కోసం సాయంకాలం ఒక చిన్న ఆరాధన పెడదాం. మన పెద్దలు నడిపే ఆస్పత్రులు, క్లినిక్కులు ఉంటే ముందుగా అక్కడి జీతాల పుస్తకం తెరిచి చూద్దాం. ఇంట్లో వెకిలి సన్నివేశం వచ్చినప్పుడు మన పిల్లల ముందు నవ్వకుండా, ‘మన సంఘంలో అక్క కూడా నర్సే కదా’ అని ఒక్క మాట అందాం. సంబంధం మాట్లాడేటప్పుడు ఆ అమ్మాయి రాత్రిళ్లు ఎక్కడికి వెళుతుందని కాక, ఎందరిని బతికించి వస్తుందని అడుగుదాం.

నేను రోగినై ఉండగా నన్ను చూడవచ్చితిరా అన్నదే కడపటి దినాన ప్రభువు అడగబోయే ప్రశ్నల్లో ఒకటి (మత్తయి 25). ఆ ప్రశ్నకు ప్రతి రాత్రీ జవాబు చెబుతున్నవారు మన మధ్యే ఉన్నారు. ఈ ఆదివారం గుడి గుమ్మంలో అలాంటి ఒకరు ఎదురైతే ‘సిస్టర్’ అని పిలిచి ఊరుకోకుండా, ఆమె పేరు అడుగుదాం.