‘యథావిధిగా’ అన్న ఒక్క మాట

ఈ శీర్షికలో ఇంతవరకు యంత్రాలను గురించే ఎక్కువగా ముచ్చటించాము. ఈసారి యంత్రాన్ని నడిపేవారి చేతిలో ఉండవలసిన కాగితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. ఇందుకు ప్రేరణ మేము చేసిన ఒక పొరపాటే.

కొన్నేళ్ల క్రితం మా విభాగంలో ప్లాంటు రీడింగులను భద్రపరచడానికి లైనక్స్ మీద పనిచేసే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసును నెలకొల్పాము. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అనగా దీని మూలసంకేతం అందరికీ లభిస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చును, సరిదిద్దవచ్చును. దానిని నిర్వహించే తీరును రెండు పుటలలో మేమే వ్రాసి, ఫైలులో చేర్చి, పని ముగిసిందనుకున్నాము.

ఒకనాటి రాత్రి షిఫ్టులో ఆ కంప్యూటరు డిస్కు చెడిపోయింది. విధులలో ఉన్న యువ ఇంజనీరు కొత్త డిస్కు అమర్చి, మా కాగితం తెరిచాడు. చివరి వాక్యం ఇలా ఉంది: “బ్యాకప్‌ను యథావిధిగా తిరిగి ఎక్కించవలెను.” ఆ విధి ఏమిటో మాకు తెలుసు, కాగితానికి తెలియదు. అతడు తనకు తోచిన రీతిలో ఎక్కించాడు. రీడింగులన్నీ వచ్చాయి గాని, పాత పేర్లతో ఎవరూ లోపలికి ప్రవేశించలేకపోయారు. ఫలానా పేరు గల వినియోగదారు లేడని కంప్యూటరు పదే పదే చెప్పసాగింది.

కారణం చిన్నదే. ‘పీజీ డంప్’ అనే సాధనం ఒక డేటాబేసును మాత్రమే భద్రపరుస్తుంది. వినియోగదారుల పేర్లు, వారి అధికారాలు మొత్తం వ్యవస్థకు చెందినవి కనుక వాటిని ‘పీజీ డంప్ ఆల్’ అనే వేరొక సాధనంతో విడిగా భద్రపరచాలి. ఈ సంగతి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ బృందం వెలువరించిన గ్రంథంలో, బ్యాకప్ అధ్యాయంలో, స్పష్టంగానే ఉంది. తెల్లవారుజామున ఆ అధ్యాయం చదివి, పేర్లన్నీ చేత్తో తిరిగి సృష్టించి అతడు పని చక్కబెట్టాడు.

ఉదయం మేము వెళ్లేసరికి ఎర్రబడిన కళ్లతో, “తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు సార్, మన కాగితానిది. ఎవరు రాశారో గాని, తనకోసం రాసుకున్నట్టుంది” అన్నాడు. వ్రాసింది మేమేనని చెప్పాము. పాపం, అతడు నొచ్చుకున్నాడు. నొచ్చుకోవలసింది మేము.

వేలాది మైళ్ల దూరంలో ఉన్న అపరిచితులు వ్రాసిన గ్రంథం అర్ధరాత్రి అతడిని ఆదుకున్నది. పక్క గదిలో కూర్చునే మేము వ్రాసిన కాగితం ఆదుకోలేదు. ఈ వ్యత్యాసం ఎందుకు వచ్చిందని ఆలోచించగా, కొన్ని విషయాలు బోధపడ్డాయి.

యూనిక్స్ వ్యవస్థ తొలి మాన్యువల్ 1971 నవంబరు 3వ తేదీతో వెలువడింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు రూపొందించిన ఆ మాన్యువల్‌లో ఒక్కొక్క ఆదేశాన్ని గురించి పేరు, వాడే పద్ధతి, వివరణ అనే శీర్షికలతో పాటు ‘బగ్స్’ అనే శీర్షిక కూడా ఉండేది. అనగా తాము తయారు చేసిన దానిలోని లోపాలను తామే అచ్చు వేసి చెప్పారన్నమాట. ఎవరిని అడగాలో తెలిసేందుకు దాని బాధ్యుడెవరో కూడా సూచించారు. మన ప్లాంట్లలోని మాన్యువళ్లలో ‘ఈ పంపులో మాకు తెలిసిన లోపాలు ఇవి’ అని వ్రాసినది ఎన్నడైనా చూశామా?

ఆ సంప్రదాయమే లైనక్స్‌కు సంక్రమించింది. లైనక్స్ మాన్యువల్ పుటల బాధ్యతను 2004లో స్వీకరించిన మైకేల్ కెరిస్క్ పదిహేనేళ్లకు పైగా ఆ పనిని కొనసాగించారు. వివరణ వ్రాయడానికి పూనుకుని, వ్రాసిన ప్రతి మాటనూ ప్రోగ్రాముతో పరీక్షించి చూసే క్రమంలో సాఫ్ట్‌వేర్‌లోని లోపాలు అనేకం బయటపడ్డాయి. వ్రాత అనేది పని పూర్తయిన తరువాత పూసే రంగు కాదు, అదీ ఒక తనిఖీయే అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అట్లని ఓపెన్ సోర్స్ లోకంలో అంతా సవ్యంగా ఉందనుకోరాదు. 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో పాల్గొన్నవారిలో 93 శాతం మంది అసంపూర్ణమైన, కాలం చెల్లిన వివరణల బెడదను చూశామన్నారు. అయినప్పటికీ, ప్రాజెక్టులకు తోడ్పడే వారిలో 60 శాతం మంది వివరణలు వ్రాయడంలో అరుదుగా పాల్గొంటామని, లేదా అసలు పాల్గొనమని చెప్పారు. అందరికీ ఇబ్బందే, చేయి వేసేవారు మాత్రం కొందరే. మన కాలనీలోని వీధి కుళాయి సంగతి వంటిదే ఇది.

మరి మెరుగుపరచడం ఎలా? డానియెల్ ప్రోచిడా అనే నిపుణుడు ఒక చక్కని విభజన చేశారు. కొత్తవాడికి చేయి పట్టి నేర్పే పాఠం ఒకటి; ఫలానా పని ఎలా చేయాలో చెప్పే సూచన ఒకటి; వివరాలన్నీ పొందుపరచిన ఆకర గ్రంథం ఒకటి; ఎందుకు ఇలా ఉన్నదో తెలిపే వివరణ ఒకటి. ఈ నాలుగింటినీ కలగాపులగం చేస్తే ఎవరికీ అక్కరకు రాదు. మా రెండు పుటలలో జరిగింది అదే. డేటాబేసు ఎందుకు ఎంచుకున్నామో పేరా నిండా ఉంది. డిస్కు పోతే ఏ ఆదేశం ఇవ్వాలో లేదు.

రెండవ సంగతి. వ్రాసినవాడు తన వ్రాతలోని లొసుగును కనిపెట్టలేడు. దానిని కనిపెట్టగలవాడు తొలిసారి చదివేవాడే. కనుక ఎక్కడ ఆగిపోయారో, ఏ వెర్షనులో, ఏమి చేశారో, ఏమి జరుగుతుందనుకున్నారో, ఏమి జరిగిందో, ఆ మరుపు రాకముందే నాలుగు వాక్యాలలో వ్రాసి పంపడమే ఒక ప్రాజెక్టుకు చేయగల గొప్ప సహాయం. ప్రోగ్రామింగు రాకపోయినా ఫరవాలేదు. తప్పు పడిన ఒక ఆదేశం, మారిపోయిన ఒక మెనూ పేరు సరిదిద్దినా చాలు. కళాశాలలో చదువుతున్న మన పిల్లలకు ఇది మంచి శిక్షణ. గ్నోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి వాటిని తెలుగులోకి తెచ్చినవారిలో స్వచ్ఛంద సేవకులూ ఉన్నారు. తెలుగులో వివరణలు వ్రాయడానికి చేతులు ఇంకా కావాలి.

ఇక మా విభాగం మాట. ఆ కాగితాన్ని ఆ యువకుడే తిరిగి వ్రాశాడు. ఆరు నెలలకొకసారి, ఆ పని ఎన్నడూ చేయని ఒకరు కాగితం చూసుకుంటూ వేరొక కంప్యూటరులో బ్యాకప్ ఎక్కించాలని నియమం పెట్టుకున్నాము. వ్రాసినవారు పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి, నోరు మెదపరాదు. మొదటిసారి పని నాలుగు చోట్ల ఆగింది. నాలుగు చోట్లా కాగితాన్ని దిద్దామే గాని మనిషిని తప్పుపట్టలేదు. రెండవసారి ఒక్కచోటే ఆగింది.

ఇప్పుడు దాని చివర ‘తెలిసిన లోపాలు’ అనే శీర్షిక ఉంది. దాని కింద చివరిసారి పరీక్షించిన తేదీ, పరీక్షించిన వారి సంతకం ఉన్నాయి. ‘యథావిధిగా’ అన్న మాట ఎక్కడా లేదు.

మరికొన్నేళ్లలో మేము పదవీ విరమణ చేస్తాము. ఆ తరువాత ఏ అర్ధరాత్రో డిస్కు చెడిపోతే మాకు ఫోను చేయవలసిన అవసరం ఎవరికీ రాకూడదు. మీ బల్ల సొరుగులోనూ ఇటువంటి కాగితం ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారం దానిని తీసి, మీకంటె చిన్నవారి చేతిలో పెట్టి, ఒక్క గంట మౌనంగా కూర్చుని చూడండి.