కరెంటు పోయిన రాత్రి

కరెంటు పోగానే, ఇన్వర్టరు ఉన్నది కదా అని అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చునే అలవాటును నేను అంగీకరించను. రాత్రి జాగరణ వలన రూక్షత పెరుగుతుందని చరకాచార్యులు సూత్రస్థానంలో చెప్పారు.

మొన్న వేసవిలో మా ఇంట మూడు గంటలు కరెంటు రాలేదు. మనుమలు విసుక్కున్నారు. నా అర్ధాంగి ఆముదపు దీపం పెట్టి, చారన్నం ముద్దలు చేసి అందరికీ అందించింది (రాత్రిపూట పెరుగు కూడదన్న నా నియమం ఆనాడూ సడలలేదు). తొమ్మిదింటికే పిల్లలు డాబా మీద గాఢనిద్రలో ఉన్నారు.

పాతదంతా మేలని కాదు. కిటికీలు మూసి కిరోసిను బుడ్డి వెలిగించకండి. ఆ పొగ ఉబ్బస రోగులకు హానికరం. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవవద్దు. నాలుగు గంటలు మించితే అందులోని పాలు, వండిన కూరలు పారవేయండి. వేడి చేసి పిల్లలకు పెట్టే పొదుపు వద్దు.